చీకట్లో చెయ్యి పెడితే

రేపు తెల్లారి అయిదున్నరకి ఈత.
గోపాల్‌పూర్ నోలియా వీధిలో దాని గురించి ఎవరూ అడగరు,
నడక వచ్చా అని ఎవరినైనా అడుగుతామా?
అందరి అనుమానమూ
గోడకి ఆనించిన ఈ సైకిలు మీదే.

భువనేశ్వర్‌లో ఎవరో బ్యాంకాయన విసిగి అమ్మేస్తే
బరంపురంలో దుర్యోధన్ బెహెరా విప్పి, కడిగి, బిగించి ఇచ్చాడు.
నవ్వకండి, ఒడియాలో అది
అమ్మలు ముద్దుగా పెట్టుకునే పేరే.

ముందు నీళ్ళు.
చేతికమ్ముల మధ్య పడుకోబెట్టిన సీసా,
దాని గొట్టం నా గడ్డానికి జానెడు దూరం.
తల ఎత్తకుండా, చెయ్యి తియ్యకుండా తాగాలి.
అంటుకునే పట్టీ చెమటకి జారిపోతోందంటే
నాన్న ఏమీ అడక్కుండా
నైలాను తాడు తెచ్చి వలముడి వేశాడు,
కొయ్యసూది పళ్ళ మధ్య పట్టుకుని.

గతేడు రెండో సీసా సీటు వెనక పెట్టాను.
ఛత్రపూర్ దారిలో స్పీడుబ్రేకరు మీద ఎగిరి
ఎండుచేపల లారీ కిందకి పోయింది.
మిగతా పదకొండు కిలోమీటర్లూ
జీడితోటల అవతల సముద్రం హోరు వింటూ,
నాలిక అట్టముక్కై.
తెప్ప మీదకి అన్నం మరిచినా
నాన్న నీళ్ళడబ్బా ఎందుకు మరవడో
ఆ రోడ్డు మీద తెలిసింది.

అమ్మ నిమ్మరసంలో పంచదార కలిపి, ఉప్పు కోసం వెతికి,
"సంద్రాన్ని గుమ్మంలో ఎట్టుకుని
ఉప్పు పేకెట్టు కొనుక్కుంతన్నాం సూడు" అంది.

ఇప్పుడు సంచి.
సీటు కింద, అరచేతికన్నా చిన్నది.
పౌడరు చల్లి పాత మేజోడులో చుట్టిన ట్యూబు.
మొదట కొన్నదానికి వాల్వు పొట్టి,
ఈ లోతైన రిమ్ములోంచి బైటికి తొంగి కూడా చూడలేదు.
ఇంట్లో బిగించి చూడకపోతే
ఆ సంగతి హైవే మీద ఎండలో తెలిసేది.
టైరు ఊడదీసే మీటలు రెండు.
బొటనవేలంత గ్యాసుబుడ్లు రెండు,
ఒక్కోటి నూట ఎనభై;
ఊదేటప్పుడు మంచై చర్మాన్ని పట్టేస్తాయని
రబ్బరు తొడుగులు.
టైరు చీలితే లోపల అడ్డం పెట్టడానికి
టూత్‌పేస్టు గొట్టంలోంచి కత్తిరించిన ముక్క.
గొలుసు తెగితే కలిపే లింకుని
బ్రేకుతీగకి టేపుతో అంటించాను, పుట్టుమచ్చలా.

పంపు మాత్రం వద్దనుకున్నాను.
మూడు వందల గ్రాములు.
దానికోసం గంటసేపు నాతో నేనే పోట్లాడి
నేనే గెలిచాను.

అప్పుడు నాన్న లైటు ఆర్పేశాడు.
"కనిపించట్లేదు నానా."
"సీకట్లో సెయ్యెడితే దొరకాల.
దొరకనిది తేనట్టే."

లైట్‌హౌసు వెలుగు కిటికీలోంచి ఒకసారి తుడిచి పోయింది.
చక్రం తీశాను.
జిప్పు. మీట. టైరంచు.
బెహెరా నేర్పిన లెక్క, ఎకొ, దుయి, తిని,
మూడో పట్టుకి మీట జారి వేలికణుపు గీరుకుపోయింది.
పాత ట్యూబు పామై ఒళ్ళో పడింది.
కొత్తది లోపలికి కూర్చోబెట్టి, అంచంతా బొటనవేళ్ళతో తడిమి,
బుడ్డి బిగించాను.
మెడ పూర్తిగా తిరగలేదేమో,
బుస్సుమని నూట ఎనభై రూపాయలు గదిలోకి పోయాయి.
పక్కగదిలో అమ్మ ఉలిక్కిపడి లేచింది.

రెండో బుడ్డికి చెయ్యి పెట్టాను.
మేజోడు ఉంది. ముక్క ఉంది.
బుడ్డి లేదు.
చాప మీద తడిమాను, మోకాళ్ళ కింద తడిమాను.
ఊపిరి చప్పుడు ఎవరిదో తెలియడం లేదు.

లైటు వేశాడు నాన్న.
లుంగీ మడతలోంచి బుడ్డి తీసి నా ముందు పెట్టాడు.
"ఒకటి తప్పుతాది. ఇంకోటి పోతాది.
ఎప్పుడూ అంతే గుంటా. అయినా గట్టుకి రావాల గదా."

నేనేమీ అనలేదు.
మంచం కింద నుంచి పంపు లాగి
ఫ్రేముకి ఆనించి పట్టుకున్నాను.
ముడి ఆయనే వేశాడు.